మంగళవారం మాత్ర

పుంగనూరుకు ఆటోలో పోయివచ్చే దూరంలో ఉన్న ఒక మెట్టపల్లె ఉషారాణిది. భర్త చెంగల్రాయుడికి వానను నమ్ముకున్న వేరుశనగ చేను, మూడు పాడి ఆవులు ఉండేవి. చేను ఏ ఏడు పండుతుందో ఎవరికీ తెలియదు. ఇల్లు నడిచేది పాల మీదే. పాలు పిండడం ఉషారాణి పని. ఆమె చేతికి అలవాటుపడ్డ ఆవులు చెంగల్రాయుడు పొదుగు దగ్గర కూర్చుంటే కాలు విసిరేవి.

తొంభై ఆరో సంవత్సరం వానాకాలంలో ఆమె వేళ్లు వాచాయి. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు. వేడినీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుంటే, ఎండ బాగా పైకొచ్చాక కాస్త వదులయ్యేవి. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. చలిగాలి అన్నారు కొందరు, దిష్టి అన్నారు కొందరు. నూనెలు మర్దనా చేశారు, ఆకులు కట్టారు. కొన్ని నెలలకు రవిక హుక్కులు పెట్టుకోవడానికి కూతురు హరితను పిలవాల్సి వచ్చింది. సంగటి ముద్ద తుంచలేక, మొగుడు చూడకుండా గరిటెతో తినేది.

ఊళ్లో పిల్లలకు సూదులు వేయడానికి వచ్చే నర్సమ్మ వరలక్ష్మి ఒకరోజు మజ్జిగ తాగడానికి వాళ్లింటి అరుగు మీద ఆగింది. ఉషారాణి గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుని వచ్చింది. వరలక్ష్మి గ్లాసు తీసుకుని పక్కన పెట్టేసి ఆమె చేతులు పట్టుకుంది.

"ఎన్నాళ్లుగా ఉండాది ఇట్ల?"

"ఏడాది కావస్తాండాదమ్మా. పొద్దన్నే రాయి మాదిరి అయిపోతాయి."

"యాల సెప్పలేదు నాకు?"

"నువ్వు పిలకాయల కోసరం వస్తావు. కీళ్లనొప్పులకు నర్సమ్మను పిలుస్తారా యాడన్నా?"

ఆ మాట నిజమే. అంతకుముందు ఎవరూ పిలిచేవారు కాదు. అయితే వరలక్ష్మి ఆ నెలలోనే మదనపల్లెలో శిక్షణకు పోయివచ్చింది. బెంగళూరు నుంచి ఒక ట్రస్టు వాళ్లు అక్కడి ఆస్పత్రి ఒకదానిలో కీళ్లజబ్బులకు నెలకోసారి శిబిరం మొదలుపెట్టారు. నొప్పి వచ్చిన ప్రతివాళ్లనూ కాదు, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి వాపు తగ్గనివాళ్లను ముందు పంపండి, జబ్బు ఎముకను తినకముందే పంపండి అని ఊరూరి నర్సమ్మలకు చెప్పి పంపారు. అలాంటి వాళ్లు తన ఊళ్లలో ఎంతమంది అరుగుల మీద కూర్చుని ఉన్నారో వరలక్ష్మికి అప్పుడే గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ వాళ్ల ముందు నుంచే నడిచిపోయింది.

మదనపల్లె శిబిరంలో గిరీష్ అనే డాక్టరు ఉషారాణి వేలి కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"ఇది ముసలితనంలో కీళ్లు అరిగిపోయే జబ్బు కాదమ్మా, కీళ్లవాతం. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి కీళ్లను కొరుకుతోంది. పూర్తిగా పోదు. కానీ ఆపగలం."

వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాల్సిన పచ్చటి చిన్న మాత్రలు ఇచ్చాడు. రోజూ వేసుకుంటే ప్రాణానికి ముప్పని, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలని రెండుసార్లు చెప్పాడు. మంగళవారం అని పెట్టుకున్నారు. నెలన్నర గడిచినా ఏమీ తేడా కనబడలేదు. ఉషారాణి మానేద్దామనుకుంది. ప్రతి మంగళవారం వరలక్ష్మి ఏదో ఒక పని పెట్టుకుని ఆ వీధికి వచ్చేది.

"ఏసుకున్నావా?"

"ఏసుకున్నాలేమ్మా. నీ పోరు పడలేక ఏసుకున్నా."

మూడో నెలలో ఒక తెల్లవారుజామున ఉషారాణికి వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. కాసేపు మంచంలోనే పడుకుని పిడికిలి బిగిస్తూ వదులుతూ ఉండిపోయింది. తర్వాత లేచి, మొగుణ్ని లేపకుండా కొట్టంలోకి పోయింది. చెంగల్రాయుడు నిద్రలేచి వచ్చేసరికి చెంబులో పాలు చుర్రుచుర్రుమని పడుతున్నాయి. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆ రోజు పుంగనూరు పోయి పాలుపోసి తిరిగివస్తూ మల్లెపూలు తెచ్చాడు.

ఆ తర్వాత వరలక్ష్మి ఆమెను ఊళ్లకు వెంటబెట్టుకుని పోవడం మొదలుపెట్టింది. నర్సమ్మ ఎంత చెప్పినా వినని ఆడవాళ్లు ఉషారాణి చేతులు చూస్తే వినేవాళ్లు. ఆమెకు ప్రసంగాలు రావు. అందరి ముందూ పిడికిలి బిగించి, విప్పి చూపించేది. "నాకి సంగటి తుంచేదానికి అయ్యేది కాదు. ఇప్పుడు ఆవులు పిండుతాండాను. కుప్పం పొడి తినొద్దండి. ఆలస్యమైనా ఈ మాత్రే మేలు" అని ఊరుకునేది.

కుప్పం పొడి అంటే అందరికీ తెలుసు. కుప్పం అవతల తమిళ సరిహద్దు దగ్గర కుప్పుస్వామి అనే మనిషి కాగితం పొట్లాల్లో అమ్మే పొడి. పసరు వైద్యమని చెప్పేవాడు. తిన్న మర్నాటికే నొప్పి మాయమవుతుంది. అందులో ఇంగ్లీషు మందేదో కలుపుతున్నాడని, ఏళ్ల తరబడి తింటే ఎముకలు గుల్లబారతాయని డాక్టరు గిరీష్ శిబిరంలో అందరికీ చెప్పేవాడు.

ఆ పొడి తినేవాళ్లలో ప్రమీలమ్మ ఒకతె. పక్క వీధిలో ఉండే వెంకటప్ప భార్య. ఉషారాణి కంటే పదేళ్లు పెద్దది, గట్టిగా నవ్వే మనిషి. టమాటా తోటల్లో కాయలు కోసే కూలీలకు మేస్త్రీ. మణికట్లు, మోకాళ్లు వాచి రెండేళ్లుగా అవస్థ పడుతోంది.

"వారానికొకటి మింగితే తగ్గేదానికి అదేమన్నా ఉపాసమా?" అని మొదట ఎగతాళి చేసింది.

"నా సేతులు సూడక్కా. ఇంకేం సెప్పేది నీకు?"

ప్రమీలమ్మ ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాతి నెల శిబిరానికి ఆమె కూడా బస్సెక్కింది. డాక్టరు పొడిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానిపించి, మాత్ర అలవాటు చేశాడు. అదెందుకు అలా చేశాడో ఆ రోజు ఎవరూ అడగలేదు. ప్రమీలమ్మ మోకాళ్ల వాపు తీసింది. అప్పట్నుంచి నెలనెలా ఇద్దరూ కలిసి మదనపల్లెకు పోయేవాళ్లు. పులిహోర కట్టుకుపోయి ఆస్పత్రి వరండాలో తినేవాళ్లు. రక్తపరీక్షకు చెయ్యి చాపి ప్రమీలమ్మ మొహం తిప్పుకుంటే ఉషారాణి నవ్వేది. ఆ మూడేళ్లూ వాళ్లిద్దరికీ ఆ రోజు తిరునాళ్లలా ఉండేది.

రెండువేల సంవత్సరం ఎండాకాలంలో గిరీష్ ఆఖరుసారి వచ్చాడు. ట్రస్టు మూడేళ్లకే ఒప్పుకుందని, ఆ గడువు అయిపోయిందని చెప్పాడు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఇదే వైద్యం పెట్టించాలని ఎంతో తిరిగానని, అంటుజబ్బులకే మనుషులు చాలడం లేదంటున్నారని అన్నాడు.

"అయితే మాకెట్ల సార్?" అంది ఉషారాణి.

"బెంగళూరుకు రండమ్మా. నేను చూస్తాను. మళ్లీ ఇక్కడ మొదలుపెట్టాలనే ప్రయత్నం కూడా చేస్తాను."

అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఎవరి ముఖమూ చూడలేదు. ఉన్న మాత్రలన్నీ పంచిపెట్టి వెళ్లిపోయాడు.

ఆ మాత్రలు వానాకాలం దాకా వచ్చాయి. పుంగనూరు మందుల షాపులో ఖాళీ అట్ట చూపిస్తే, ఇది క్యాన్సరుకు వాడేది, మేం పెట్టుకోం అన్నారు. మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గర కూర్చుంటే, "పరీక్షలు చేస్తూ చూసుకోవాల్సిన మందిది. నేను రాసిచ్చి తర్వాత మీ కాలేయం చెడితే ఎవరు జవాబు?" అని నొప్పిబిళ్లలు రాశాడు. చెంగల్రాయుడు ఆవులను తమ్ముడికి అప్పజెప్పి ఆమెను బెంగళూరు తీసుకుపోయాడు. అక్కడ రోజంతా వరుసలో నిలబడితే, గిరీష్ వేరే ఊరి ఆస్పత్రికి మారిపోయాడని సాయంత్రం చెప్పారు. ఇంకో డాక్టరు చూసి మాత్రలిచ్చాడు. మళ్లీ నెలకు రమ్మన్నాడు. ఆ నెలలో ఒక ఆవు ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగింది. పోవడం కుదరలేదు. తర్వాత ఇంక కుదరనే లేదు.

ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే ఉషారాణి ఇంటికి వచ్చేవాళ్లు.

"నువ్వు సెప్తేనే గదమ్మా మేము పోయింది. ఇప్పుడు యాడ దొరుకుతాది ఆ మాత్ర?"

కొందరు కోపంగా అడిగేవాళ్లు. కొందరు మామూలుగా, ఆమె దగ్గర ఇంకా దాచిన మాత్రలు ఉంటాయేమోనన్న ఆశతో అడిగేవాళ్లు. రెండోరకం వాళ్లకు జవాబు చెప్పడమే ఆమెకు కష్టంగా ఉండేది. కొన్నాళ్లకు వీధిలో ఎవరైనా కొత్త మనిషి కనబడితే లోపలికి పోయి కూర్చునేది.

వరలక్ష్మి పైవాళ్లను అడిగి అడిగి విసిగిపోయింది. పోలియో చుక్కలు, కుటుంబ నియంత్రణ, మలేరియా గురించి అడుగుతారు గానీ కీళ్ల గురించి ఎవరూ అడగరు. ఒక సమావేశంలో ఆమె లేచి ఆ మాట ఎత్తితే, కీళ్లనొప్పులతో ఎవరూ చచ్చిపోరమ్మా, కూర్చో అన్నారు.

ఉషారాణి వేళ్లు మళ్లీ వాచాయి. ఈసారి ఆగలేదు. కణుపులు పక్కకు ఒరిగాయి. చెంగల్రాయుడు పాలు పిండడం నేర్చుకున్నాడు. నేర్చుకునేలోపు ఒక ఆవు వట్టిపోయింది.

ఒక సాయంత్రం ప్రమీలమ్మ కుంటుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడింది.

"ఉసా, నేనింక తట్టుకోలేను. రేపు కుప్పం పోతాండాను. నువ్వు గూడా రా."

"డాక్టరు సెప్పినాడు గదక్కా, ఆ పొడి ఎముకల్ని తినేస్తాదని."

"సెప్పినాడు. ఆ డాక్టరు యాడుండాడు ఇప్పుడు?"

ఉషారాణి మాత్రం పోలేదు. ఇన్ని ఊళ్లలో వద్దని చెప్పి తానే ఎలా తింటుంది? పైగా మంగళవారం మాత్ర ఏదో ఒకనాటికి మళ్లీ వస్తుందనే ఆమె నమ్మకం.

కుప్పం పోయివచ్చిన వారంలో ప్రమీలమ్మ తోటకు పోవడం మొదలుపెట్టింది. ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా నిండింది. చూసినవాళ్లంతా బాగైందన్నారు. గోడకు ఆనుకుని కూర్చున్న ఉషారాణిని చూపించి, చదువుకున్నోళ్ల మాట వింటే ఇంతే అన్నవాళ్లు కూడా ఉన్నారు. ప్రమీలమ్మ మాత్రం ఏనాడూ అనలేదు. పని నుంచి వస్తూ ఆగి ఆమెకు తల దువ్వి జడ వేసి పోయేది.

అలా రెండేళ్లు గడిచాయి. రానురాను ప్రమీలమ్మ వీపు వంగింది. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడింది. టమాటా బుట్ట అంచు తగిలినా నల్లగా కమిలి, చిరిగి రక్తం కారేది. జడ వేస్తున్న ఆ చేతులను ఉషారాణి రోజూ చూసేది. ఒకరోజు వరలక్ష్మి వస్తే చెప్పింది.

"ప్రమీలక్క సచ్చిపోతాదేమో అనిపిస్తాండాదమ్మా. ఏమన్నా సెయ్యి."

"ఆ పొడి ఒక పొట్లం దొరికితే పరీక్షకు పంపిచ్చొచ్చు. అందులో ఏం కలిపినాడో బయటపడితే వాడి అంగడి మూయిస్తారు."

ఉషారాణి మర్నాడు ప్రమీలమ్మ ఇంటికి పోయింది. నీళ్లు తేవడానికి ఆమె లోపలికి పోయినప్పుడు, గూట్లోని పొట్లాల్లో ఒకటి వంకర వేళ్ల మధ్య ఇరికించుకుని చీర మడతలో దాచుకుంది. అడిగితే ప్రమీలమ్మ ఇవ్వదని తెలుసు. వరలక్ష్మి దాన్ని పరీక్షకు పంపింది.

రెండువేల రెండు చివర్లో అధికారులు కుప్పుస్వామి ఇంటి మీద పడ్డారు. డబ్బాలకొద్దీ పొడి పట్టుకున్నారు. అందులో స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షలో తేలిందని పేపరు జిల్లా పేజీలో వేశారు. వరలక్ష్మి ఆ పేపరు పట్టుకుని నవ్వుతూ వచ్చింది. ఉషారాణి కూడా చాన్నాళ్ల తర్వాత నవ్వింది. కొనుక్కున్నవాళ్లను కూడా పోలీసులు పట్టుకుపోతారని ఊళ్లో పుకారు లేచింది. ఇళ్లలో మిగిలిన పొట్లాలను జనం పొయ్యిలో వేసేశారు. వెంకటప్ప కూడా వేశాడు.

వారం తిరగకముందే ప్రమీలమ్మ మంచం పట్టింది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. మంచినీళ్లు కూడా వాంతి అయ్యేవి. ఉషారాణి పక్కన కూర్చుని, వంకర చేత్తోనే విసనకర్ర పట్టుకుని విసిరింది.

"ఒళ్లంతా నూలు తీసేసినట్ల ఉండాది ఉసా. లోపల ఏమీ లేనట్ల ఉండాది."

ఆ మధ్యాహ్నం వెంకటప్ప ఆమెను జీపులో వేసుకుని మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఏమైనా మందులు వాడుతోందా అని అక్కడి డాక్టరు అడిగాడు. వెంకటప్పకు పోలీసులు గుర్తొచ్చారు.

"ఏమీ లేదు సార్. ఏమీ వాడలేదు" అన్నాడు.

కలుషిత నీళ్లవల్ల వాంతులనుకుని సెలైన్ ఎక్కించారు. సంగతి తెలిసి వరలక్ష్మి సాయంత్రం బస్సుకు పరుగెత్తుకుని పోయింది. పొడి గురించి చెప్పగానే డాక్టరు లేచి మందు మార్చి ఇంజెక్షన్ ఇప్పించాడు. అప్పటికే నాడి అందడం లేదు. మర్నాడు పొద్దున ప్రమీలమ్మ చనిపోయింది.

వరండాలో డాక్టరు వరలక్ష్మితో కోపంగా మాట్లాడలేదు. అలసిపోయి మాట్లాడాడు.

"ఏళ్ల తరబడి ఆ పొడి తింటే ఒళ్లు తనకు కావాల్సింది తాను తయారుచేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే కుప్పకూలుతుంది. పొడి పట్టుకునేముందు, దాన్ని తినేవాళ్ల సంగతి ఎవరైనా ఆలోచించాలి కదమ్మా."

"మాకెవురూ సెప్పలేదు సార్" అంది వరలక్ష్మి. ఆ మాట ఆమెకే సరిపోలేదు. డాక్టరు గిరీష్ ప్రమీలమ్మకు పొడిని కొద్దికొద్దిగా ఎందుకు తగ్గించాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

శవం ఇంటికి వచ్చాక ఉషారాణి గోడలు పట్టుకుని నడుచుకుంటూ పోయింది. వెంకటప్ప వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆమె అతని ముందు నిలబడింది.

"మామా, పరీక్షకు పోయిన పొట్లం మీ గూట్లోదే. నేనే తీసినాను. అక్క బతకాలనే తీసినాను."

వెంకటప్ప ఆమె చేతుల వైపు చూశాడు.

"నీ మాట ఇని మదనపల్లెకు పోయింది. నువ్వు సెయ్యి పెడితే ఇట్లయింది. నువ్వు సెడ్డదానివని నేను అనను. కానీ ఇంక మా ఇంటికి రావద్దమ్మా."

ఆ పరిసర ఊళ్లలో ఆ నెలలో ఇంకొందరు మంచాన పడ్డారు. వరలక్ష్మి ఇల్లిల్లూ తిరిగి, పొడి తిన్నామని డాక్టరుకు చెప్పండి, పోలీసులు రారు అని బతిమాలుకుంది. కొందరిని ఆస్పత్రికి చేర్చగలిగింది. కొన్ని ఇళ్లలో తలుపు తీయలేదు.

ఆరు నెలలు తిరక్కుండా కుప్పుస్వామి జామీను మీద బయటికొచ్చాడు. సరిహద్దు అవతలికి మకాం మార్చాడు. పొట్లం కాగితం రంగు మారింది, అంతే. కుప్పం బస్టాండులో అడిగితే దారి చెప్పేవాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు.

ఆ ఏడాది ఉషారాణికి మోకాళ్లు కూడా పట్టేశాయి. హరిత హాస్టల్లో ఉండి చదువుకుంటోంది; మంచం మీద పక్కకు తిరగాలంటే చెంగల్రాయుడు తిప్పాలి. దొడ్డికి పోవాలంటే మోసుకుపోవాలి. మిగిలిన ఆవులను అమ్మేశాడు, ఇంట్లో మనిషి ఉండకపోతే జరగదని. ఒక మధ్యాహ్నం అతను ఎక్కడికో పోయివచ్చి, పొట్లం విప్పి మంచం పక్కన పెట్టాడు. గ్లాసుతో నీళ్లు తెచ్చాడు.

ఉషారాణి చూసింది.

"వద్దప్పా."

"నాకి తెలుసు వద్దని. ప్రమీలమ్మ ఎట్ల పోయిందో సూసినాను." అతను మంచం అంచున కూర్చున్నాడు. "నిన్ను ఎత్తినప్పుడల్లా నువ్వు అరవకుండా పెదిమ కొరుక్కుంటాండావు. నాకి ఇంకో దారి తెలీదు. నీకి తెలిస్తే సెప్పు, ఈ పొట్లం పారేస్తాను."

ఆమె మదనపల్లె, బెంగళూరు, పుంగనూరు షాపు అన్నీ మనసులో తిరిగివచ్చింది. ఎక్కడా ఒక్క తలుపు కూడా కనబడలేదు. నోరు తెరిచింది.

మర్నాడు నొప్పి పోయింది. వారానికి లేచి నడిచింది. వంకరపోయిన వేళ్లు మాత్రం తెరుచుకోలేదు, ఇక తెరుచుకోవు. ఖాళీ కొట్టంలోకి పోయి కాసేపు నిలబడి వచ్చింది. ఒంటికి సుఖంగా ఉంది. ఆ సుఖానికి ఆమెకు ఏడుపొచ్చింది.

కొన్ని నెలల తర్వాత వరలక్ష్మి వచ్చింది. గుండ్రంగా నిండిన ఉషారాణి మొహం చూడగానే ఆమెకు అంతా అర్థమైంది. అరుగు మీద కూర్చుంది. తిట్టలేదు.

"ఎన్నాళ్లయింది మొదలుపెట్టి?"

"మామిడికాయల కాలం నుంచి."

"సరే ఇను. ఏ రోజూ తప్పిచ్చొద్దు. మానేయాలనుకుంటే ఒక్కసారిగా మానొద్దు, ముందు నాకి సెప్పు. జొరమొచ్చినా, వాంతులైనా యాడికి తీసకపోయినా పొడి తింటాండానని డాక్టరుకు మొదట సెప్పు. చెంగల్రాయుడికి గూడా సెప్పు." చెప్పి, నేల చూస్తూ అంది: "ఇప్పుడు ఇంటింటికీ పోయి ఇదే సెప్తాండాను ఉసా. తినొద్దని సెప్పేది మానుకున్నాను."

"ఆ మాత్ర మల్లా వస్తాదంటావా?"

"తెలీదు."

వరలక్ష్మి సంచి సర్దుకుంటూ మెల్లగా అంది.

"వెంకటప్ప కూతురికి పొద్దన్నే వేళ్లు మడత పడటంలేదంట. ఆ పిల్లకు ఇరవై గూడా లేవు. నేను పోతే తలుపు తియ్యలేదు. నువ్వేమన్నా కబురు పంపిస్తావా?"

"ఏమని పంపేది?" అంది ఉషారాణి.

వరలక్ష్మి లేచి సంచి భుజానికి తగిలించుకుంది. వెంకటప్ప వాళ్ల వీధి మలుపు దాకా పోయి ఒక్క నిమిషం ఆగింది. తర్వాత బస్సు రోడ్డు వైపు నడిచింది.